లక్ష్మీనర్సమ్మ కమ్మలకు రెండో రాయి

సన్న ఉలి మొనతో కమ్మ గూట్లో పేరుకున్న మడ్డిని గీకి తీస్తున్నాడు దశరథ. వెండి గూడు అది, శనగగింజ కన్నా కొంచెం పెద్దది, ఖాళీగా ఉంది. జతలోని రెండో కమ్మ పక్కనే తెల్లగుడ్డ మీద ఉంది. దాని రాయి దానికే ఉంది. బల్లకు అవతల నిలబడ్డ సుచరిత ఒకసారి ఆ కమ్మ వంక, ఒకసారి అతని చేతుల వంక చూస్తూ, శుక్రవారానికి అవుతుందా అని మూడోసారి అడిగింది.

సుచరిత దశరథ కొట్టున్న నకిరేకల్‌లోనే ఒక బడిలో టీచరు. కమ్మలు ఆమెవి కావు, అత్త లక్ష్మీనర్సమ్మవి. ఆ అత్త మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఇరవై ఏళ్లు వంట చేసింది. బదిలీ మీద పోతున్న ఒక తమిళ ఇంజనీరు భార్య, తన చెవులవి తీసి ఆమె చేతిలో పెట్టి వెళ్లిందట. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా లక్ష్మీనర్సమ్మ వాటిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంటుంది, పెళ్లిళ్లకు తప్ప తీయదు. ఇప్పుడామె బాలింత కూతురికి సాయంగా వెళ్లి ఉంది. అదను చూసి కోడలు బడి వార్షికోత్సవానికి వాటిని అడగకుండా పెట్టుకుపోయింది. ఇంటికొచ్చి తీసేసరికి ఎడమ కమ్మలో రాయి లేదు. బడి ఆవరణంతా ఊడ్పించి చూసినా దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు అత్త దిగుతుంది. ఈ రోజు సోమవారం.

దశరథ రాయి ఉన్న కమ్మను చేతిలోకి తీసుకుని తలుపు దగ్గరి వెలుతురులో అటూ ఇటూ వంచాడు. రాయి చూడడానికి మజ్జిగ నీళ్లలా ఉంది. వంచినప్పుడు మాత్రం లోపలి నుంచి ఒక నీలం తెర లేచి ఒక అంచు నుంచి రెండో అంచుకు జారింది.

"గిది చంద్రకాంతం. అసలుది. దీనికి జోడీ దొరుకుడు కష్టం," అన్నాడు.

"గీ మసక రాయా?" అంది సుచరిత. ఆమె మొహంలో నమ్మకం లేదు.

దశరథది గట్టుప్పల్‌లో నేతపని ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ల దాకా మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడే. కూలి గిట్టక నల్లగొండలో ఒక అవుసలి నగల కొట్లో చిల్లర పనులకు కుదిరి, ఆయన చెయ్యి చూసి చూసి రాళ్లు పొదగడం నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. పగలగొట్టిన రాళ్లే అతనికి పాఠాలు. చంద్రకాంతాన్ని గుర్తుపట్టడం మాత్రం మగ్గమే నేర్పింది. పడుగు నీలం, పేక తెలుపు వేసి నేసిన పట్టును వంచితే నీలం ఒక మడతలో నుంచి ఇంకో మడతలోకి నడుస్తుంది. రంగు దారం మీద ఉండదు, రెండు దారాలు కలిసే చోట ఉంటుంది. ఈ రాయిలో వెలుగు అట్లాంటిదే. గాజులో పోసిన వెలుగు నడవదు, ఎటు తిప్పినా ఉన్నచోటే ఉంటుంది.

మంగళవారం పొద్దున్నే నల్లగొండ పోయాడు. మొదటి కొట్లో రాళ్లను నల్ల మఖ్‌మల్ గుడ్డ మీద పరిచి చూపించారు. తళతళ నీలంగా మెరిశాయి. దశరథ జేబులో నుంచి తన ముతక తెల్ల గాడా గుడ్డ ముక్క తీసి, ఒక రాయిని దాని మీద పెట్టి, గుడ్డతో సహా తలుపు దాకా తీసుకుపోయాడు. వెలుతురుకు అడ్డం పట్టేసరికి నీలం పోయి రాయి నిమ్మకాయ పచ్చడి నూనెలాంటి పసుపు రంగుకు తిరిగింది. భూతద్దంలో చూస్తే లోపల సూదిమొనంత గాలిబుడగ. వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొట్టు యజమానికి కోపం వచ్చింది. చంద్రకాంతమంటే పున్నమి వెన్నెలకు నీళ్లు కార్చే రాయి అని, ఇంటికి తీసుకుపోయి డాబా మీద పెట్టి చూసుకొమ్మని, పొద్దున్నే తడి కనబడకపోతే వాపసు తెమ్మని చెప్పాడు.

"మంచు పడితే మా రేకుల షెడ్డు గూడ నీళ్లు కారుస్తది సేటూ," అని బయటికి నడిచాడు దశరథ.

ఇంకా రెండు కొట్లు తిరిగాడు. ఒకచోట అదే గాజు. ఇంకోచోట రాయి అసలుదే, కానీ తెలుపులో నీలం ఊసే లేదు, పైగా కొలత సగం. పూటంతా పోయింది.

బుధవారం హైదరాబాదు బస్సెక్కాడు. పాతబస్తీలో ఒక మేడ మీది కొట్టు వాళ్లు చాలా మర్యాద చేశారు. చాయ్ పోశారు. చీకటి గదిలో దీపం కింద రాయి చూపించారు, దానితో పాటు పరీక్ష చేసినట్టు అచ్చేసిన కార్డు కూడా ఇచ్చారు. కొలత సరిపోయింది. వెలుగు కదిలినట్టే అనిపించింది. దశరథ గుడ్డ తీశాడు గానీ, ఆ గదిలో కిటికీ లేదు. కింద బస్సు వేళ అవుతోంది. కార్డు మీద అచ్చు చూసి, ఇంతమంది చదువుకున్నవాళ్లు రాసిచ్చింది అబద్ధమవుతుందా అనుకుని రాయి జేబులో వేసుకున్నాడు.

గురువారం తెల్లారగానే తన కొట్టు గడప మీద కూర్చుని గుడ్డ మీద పెట్టి చూశాడు. పసుపు. కదిలినట్టు అనిపించిన వెలుగు ఆ దీపానిది, రాయిది కాదు.

అప్పుడు వచ్చిన కోపం ఆ కొట్టువాడి మీద కాదు, తన మీదే. ఇరవై ఏళ్లుగా వచ్చిన ప్రతి ఒక్కరికీ రాయిని పగటి వెలుతురులో తప్ప చూడొద్దని చెప్పే మనిషి, చాయ్‌కి, కార్డుకి లొంగి దీపం కింద కొనుక్కొచ్చాడు. మగ్గం మీద పోగు తెగితే చేతికి తెలిసేది, ఈ చేతికి ఇంత చిన్న సంగతి తెలియకపోయిందే అని తనను తాను తిట్టుకున్నాడు.

అదే సమయానికి సుచరిత వచ్చింది, చేతిలో చిన్న ప్లాస్టిక్ సంచితో. ఫోన్‌లో తెప్పించానంటూ రెండు రాళ్లు బల్ల మీద పెట్టింది. అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా, నీలంగా, మచ్చ లేకుండా ఉన్నాయి. రెండూ గాజే. చూడనవసరం కూడా లేదు.

"దశరథన్నా, నీకు తిప్పలెందుకు. గా పాతది గూడ తీసేసి గివి రెండు పెట్టు. జోడీ మంచిగ కలుస్తది, మెరుపు గూడ ఎక్కువుంది. అత్తమ్మకేం ఎరుకైతది?"

"ఎరుక కాదు. అందుకే పెట్టను."

"గట్లంటే ఎట్ల? పాతది మసకగుంది. లోపల పగుళ్లు గూడ ఉన్నయి, నేను భూతద్దంలో చూసిన. అది అసలుదని నువ్వొక్కనివే అంటున్నవ్."

దశరథ కమ్మను ఆమె ముందు పెట్టి, ఆ పగుళ్లను భూతద్దంలో చూపించాడు. జెర్రి కాళ్లలా వరుసగా సన్నటి గీతలు. భూమిలో పుట్టిన రాయికి ఉండే గీతలవి. గాజుకు బుడగ ఉంటుంది, ఈ జెర్రి ఉండదు. మచ్చ లేకపోవడమే గాజు గుణమని, మనం మచ్చను చూసి నకిలీ అనుకుంటామని చెప్పాడు. ఆమె వింది. విన్న తర్వాత కూడా ఆ మెరిసే రాళ్ల వైపే చూసింది.

"అమ్మా, ఇది నీదైతే నీ ఇష్టం. ఆమె లేని యాళ ఆమె రాయి తీసి గాజు పెట్టినంక, గా చేతులతో నేను రేపు ఇంకొకరి కమ్మ పట్టుకోలేను," అన్నాడు. "రేపు పొద్దుగాల దాక టైమియ్యి. దొరక్కుంటె ఖాళీ గూడుతోనే ఇస్త. ఇంకెవరితోనన్న చేపించుకో."

సుచరితకు కోపం వచ్చింది. దిగులు కూడా వేసింది. అత్త నోటికి ఆమె ఎంత భయపడుతుందో కళ్లలో కనబడుతూనే ఉంది. గాజురాళ్ల సంచి అక్కడే వదిలి బడికి వెళ్లిపోయింది. అంటే రేపు పొద్దున దశరథ చేతులెత్తేస్తే, ఆ పాత రాయి పీకించుకోవడానికి ఇంకో కొట్టుకు పోవడం ఖాయం. ముప్పై ఏళ్లు బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్న చంద్రకాంతం ఏ చెత్తబుట్టలోనో పడుతుంది.

దశరథ తాళం వేసి తిరుమలగిరి బస్సెక్కాడు. అక్కడ యాకూబ్ ఉన్నాడు, పాత వెండి కొనేవాడు. దశరథకు వెండి తీగ అతని దగ్గరి నుంచే వస్తుంది. రాళ్లు అమ్మే మనిషి కాదు గనుక ఇన్ని రోజులూ అతని పేరు తోచలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక అదే తన బుద్ధిలేనితనమని దశరథకు అనిపించింది. పాత నగ వచ్చిందంటే యాకూబ్ తూకానికి ముందు రాళ్లన్నీ పీకేస్తాడు. వెండికే వెల, రాయికి లేదు. పీకిన రాళ్లను పారేయబుద్ధి కాక ఒక డబ్బాలో పోస్తాడు.

యాకూబ్ తక్కెడ ముందు కూర్చుని గజ్జెలు తెంపుతున్నాడు. సంగతి విని నవ్వాడు.

"అరె దశరథ్ భాయ్, పట్నమంత తిరిగి గిప్పుడు నా కచరా డబ్బా కాడికి వచ్చినవా?"

"కచరా నీకు. దించు జర."

పాత నూనె డబ్బా అది, పైకి రేకు మూత. దశరథ దాన్ని బయటి అరుగు మీదికి తెచ్చి, గాడా గుడ్డ పరిచి, గుప్పెడు గుప్పెడు పోశాడు. ఎర్ర గాజు, పచ్చ గాజు, రంగు పోయిన కెంపులు, సగం విరిగిన పగడాలు, లక్క అంటిన అద్దం ముక్కలు. తెల్లవాటిని మాత్రం వేరు చేశాడు. వేరు చేసినవాటిని ఒక్కొక్కటిగా ఎత్తి వెలుతురుకు పట్టాడు. పసుపు. పసుపు. బుడగ. ఉత్త పాలగాజు. ఎండ నెత్తికెక్కింది. వీపు పట్టేసింది. మధ్యమధ్యలో యాకూబ్ లోపలి నుంచి, దొరికిందా, ఇంకా బతికే ఉన్నావా అని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి అతని భార్య షగుఫ్తా మంచినీళ్లు తెచ్చి పెట్టి, ఈ పిచ్చి పని ఏమిటన్నట్టు చూసి వెళ్లింది.

డబ్బా అడుగుకు వచ్చినప్పుడు ఒక రాయిలో మడ్డి కింద నీలం కదిలింది. దశరథ ఆగాడు. ఉమ్మి అద్ది మడ్డి తుడిచాడు. వంచాడు. నీలం జారింది. ఇంకోవైపు వంచితే వెనక్కి వచ్చింది. భూతద్దంలో జెర్రి కాళ్లు.

"ఇది ఎక్కడిది?" అని అడిగాడు.

యాకూబ్ బయటికొచ్చి చూసి, శేర్వానీ గుండీలోది కావచ్చన్నాడు. ఎవరో పాతకాలపు గుండీలు తెచ్చి వెండి కింద అమ్మిపోయి ఉంటారు, ఎవరో గుర్తులేదు. మిగతా గుండీల రాళ్ల కోసం దశరథ ఇంకోసారి డబ్బా వెతికాడు. లేవు. ఒక్కటే.

"తీస్కపో. నాకు అది రాయే," అన్నాడు యాకూబ్.

ఒక చిక్కు తీరితే ఇంకో చిక్కు. రాత్రికి కొట్టుకొచ్చి పెట్టి చూస్తే రాయి గూటికన్నా గోటి అంచంత పెద్దది. అరగదీయడానికి దశరథ దగ్గర సాన లేదు, ఉన్నా ఆ రాయిని నమ్మలేడు. చంద్రకాంతం పొరలు పొరలుగా ఉంటుంది. తప్పు చోట నొక్కితే ఉల్లిపొర ఊడినట్టు చీలుతుంది. అందుకని గూటినే కొంచెం కొంచెం సాగదీశాడు, వెండిని వేడి చేయడం, చల్లార్చడం, లోపల గుండ్రటి కడ్డీ పెట్టి తిప్పడం. రెండుసార్లు అంచు పలచబడి భయపెట్టింది. మూడోసారికి రాయి కూర్చుంది.

శుక్రవారం తెల్లవారుజామున రెండు కమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నీలం ఒకదాంట్లో కుడికి నడుస్తోంది, రెండోదాంట్లో పైకి. కమ్మ మీద ఇంత పని చేసిన తర్వాత గానీ అది కంటికి ఆనలేదు. అంచు ఇంకా నొక్కలేదు కాబట్టి సరిపోయింది. రాయిని గూట్లో నువ్వుగింజంత, నువ్వుగింజంత తిప్పుతూ, ప్రతిసారీ గుడ్డను వంచి చూస్తూ, రెండు నీలాలూ ఒకేసారి ఒకే దిక్కుకు జారేదాకా ఆగాడు. అప్పుడు అంచు చుట్టూ కాగితం ముక్క అడ్డం పెట్టి, ఎదురెదురు చోట్ల మార్చి మార్చి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. రాయి చీలలేదు.

సుచరిత బడికి పోయే ముందు వచ్చింది. కమ్మలు రెండూ గుడ్డ మీద ఉన్నాయి. చాలాసేపు చూసింది. ఎత్తి చెవుల దగ్గర పెట్టుకుని గోడ అద్దంలో చూసుకుంది.

"ఇందుట్ల కొత్తది ఏది?"

"ఎడమది."

"ఏదైతేంది, జోడీ కలిసింది. మెరుపే జర తక్కువ." మళ్లీ అద్దంలోకి చూసి, "అత్తమ్మ పట్టుకోదు లే," అంది. గట్టిగా ఊపిరి వదిలింది.

తిరిగిన ఊళ్లు, మోసపోయి కొన్న రాయి, నూనె డబ్బా, జెర్రి కాళ్లు, ఇవన్నీ దశరథ గొంతు దాకా వచ్చాయి. ఆమె అప్పటికే గడియారం చూసుకుంటోంది. అతను రెండు కమ్మల్నీ దూదిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. ఆమె గాజురాళ్ల సంచి కూడా పక్కన పెట్టాడు.

"రాయి సుతారం. దేనికన్న తగిలితే చీలుతది. మీ అత్తమ్మకు జర చెప్పు."

"గట్ల చెప్తే దొరికిపోనా?" అంది సుచరిత.

దశరథ అట్టపెట్టె మూత నొక్కి, రబ్బరు వేసి, ఆమె చేతిలో పెట్టాడు.