కొసరు అడిగే కుక్క

మా కుక్కకి ‘వదులు’ అనే మాట నేర్పింది నేను. మా ఆయన నేర్పి ఉంటే ఆ ఆదివారం వ్యవహారం అంత దూరం వచ్చేది కాదు. ఆయనకి బేరమాడటం చేతకాదు. కూరల బండి మనిషి ఎంత చెబితే అంత చేతిలో పెట్టి, పైగా ‘‘థాంక్సండి’’ అని చెప్పి వస్తారు. అలాంటి మనిషి చేతిలో పెరిగితే కుక్క కూడా మర్యాదగా పెరిగేది.

నేను నరసాపురం బజారులో, మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో, గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. పక్కది బాబాయి బట్టల కొట్టు, ఎదుటిది మేనమామ కిరాణా కొట్టు. నాకు మాటల కన్నా ముందు బేరాలు వచ్చాయని మా ఇంట్లో అంటారు. పళ్ళు తోముకోమంటే ‘‘తోముకుంటే ఏమిస్తావు?’’ అనేదాన్నట.

మా నాన్న నాకు చెప్పిన వ్యాపారమంతా ఒక్క ముక్కలో ఉంది. ‘‘వచ్చినవాళ్ళ నోరు వినకమ్మా, కళ్ళు చూడు.’’ నోరు ‘‘అబ్బే, ఇదేం బాలేదండి’’ అంటున్నా కళ్ళు ఆ బిందె మీదే తిరుగుతున్నాయంటే ఇక ధర తగ్గించక్కర్లేదు. కొనేటప్పుడు నేను దీన్నే తిరగేసి వాడుకుంటాను. నచ్చిన చీర వైపు చచ్చినా చూడను. దాని పక్కదాన్ని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, లేచి నిలబడి, గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు ‘‘అదెంతండి?’’ అంటాను. ఈ విద్య ఒక కుక్కకి అబ్బుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

అది గోధుమరంగు ఊరకుక్క పిల్ల. ఒక వానాకాలం మా గేటు కింద నుంచి దూరి వచ్చి, ఇక పోలేదు. మా ఇంట్లో దాన్ని ‘అది’ అనడం మొదటి వారంతోనే ఆగిపోయింది. ‘వాడు’ అయిపోయాడు. వాడికి కనిపించిందల్లా నోట కరుచుకునే అలవాటు. మొదటిసారి నా చెప్పు ఎత్తుకుపోయాడు. నేను బిస్కెట్టు చూపించి ‘‘వదులు’’ అన్నాను. చెప్పు వదిలి బిస్కెట్టు తీసుకున్నాడు. ఇంత తెలివైన కుక్క జిల్లాలో లేదనుకున్నాను. మర్నాడు వాడంతట వాడే చెప్పు తెచ్చి నా ముందు నిలబడ్డాడు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, నవ్వి బిస్కెట్టు ఇచ్చాను.

తరవాత బిస్కెట్టు తినేసి కూడా చెప్పు మీద కాలు తియ్యడం మానేశాడు. కొసరు! కొసరు పడితే గాని సరుకు ఇవ్వడు. ఇంకొన్నాళ్ళకి సరుకుల్లో రకాలు కూడా తెలుసుకున్నాడు. చెప్పుకి బిస్కెట్టు. టీవీ రిమోట్‌కి ఉడికిన గుడ్డు. మా ఆయన కళ్ళజోడుకి ఎండు మెత్తళ్ళు, ఆ చిన్న చేపలంటే వాడికి ప్రాణం. ఏది ఎంత విలువైనదో వాడికెలా తెలుసు? వస్తువుని చూసి కాదు. నా ముఖం చూసి. నేను ఎంత కంగారుపడితే అంత గట్టిగా పట్టుకునేవాడు.

‘‘నువ్వు వాడికి నేర్పుతున్నావా, వాడు నీకు నేర్పుతున్నాడా?’’ అనేవారు మా ఆయన.

మా నాన్నకి చెబితే పొంగిపోయారు. ‘‘వీణ్ణి తెచ్చి మన కొట్లో కూర్చోబెట్టమ్మా’’ అన్నారు. ఆ ముక్క నేను చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఆ ఆదివారం పొద్దున్న ముగ్గురం స్కూటరు మీద మొగల్తూరు దాటి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. వాడికి స్కూటరు ముందు, మా ఆయన కాళ్ళ మధ్య నిలబడి గాలికి చెవులు ఎగరేసుకోవడం ఇష్టం. అప్పుడే వలలు లాగినట్టున్నారు. ఇసక మీద ఆడవాళ్ళు చేపలు ఏరుతున్నారు. పనికిరానివి అక్కడే పారేస్తున్నారు. నేను వాడి తాడు విప్పేశాను. విశాలమైన చోటు, పరిగెత్తుకోనీ అనుకున్నాను. వాడు పరిగెత్తాడు, తిరిగి వచ్చాడు, వస్తూ నోట్లో ఏదో గుండ్రంగా, తెల్లటి పొట్టతో, బంతిలా ఉబ్బినదాన్ని తెచ్చాడు. నా ముందు నిలబడి తోక ఊపాడు. సరుకు తెచ్చాను, ఏమిస్తావు అని.

నేను నవ్వబోయాను. ఈలోగా చేపలు ఏరుతున్న ఒకావిడ అరిచింది. ‘‘అమ్మో, అది ఇసపు సేపమ్మా! మేమే తినం దాన్ని, పారేత్తాం! లాగండి దాని నోట్లోంచి!’’

‘‘వదులు’’ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి కేకలా వచ్చింది.

వాడు నా ముఖంలోకి చూశాడు. ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, కాని వాడికి తెలిసింది. దవడ బిగించాడు.

సంచీలోంచి బిస్కెట్లు తీసి విసిరాను. వాటి వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఇంతేనా అన్నట్టు. మా ఆయన ముందుకి ఉరికారు. వాడు గంతేసి వెనక్కి వెళ్ళాడు.

‘‘పరిగెత్తకండీ! ఆట అనుకుంటాడు!’’

‘‘మరేం చెయ్యమంటావే? చూస్తూ నిలబడమంటావా?’’

నేను ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ పక్కన గంపలో ఎండు మెత్తళ్ళు ఉన్నాయి. ‘‘కాసిని ఇవ్వమ్మా, తొందరగా!’’

ఆవిడ దోసిలితో తీసి ఇస్తూ నా ముఖం పట్టి చూసింది. ‘‘పోయిన వారం రొయ్యపొట్టు కాడ నా పేణం తీసిన అమ్మగారు కదా మీరు? ఎంతని అడగరేంటి ఇయ్యాల?’’

‘‘ఎంతైనా ఇస్తానమ్మా!’’

‘‘డబ్బులెవరడిగారమ్మా, ముందు కుక్కని సూసుకోండి!’’

మెత్తళ్ళు గుప్పిట్లో పట్టుకుని వెనక్కి వచ్చాను. ఇప్పుడు నా విద్యంతా వాడాలి. ముఖం సముద్రం వైపు తిప్పాను. ‘‘పో, నాకేం అక్కర్లేదు’’ అన్నాను. పక్క చీర తిప్పుతూ అసలు చీర కొన్న మనిషిని, బజారంతా చూసి జడిసే మనిషిని, ఆ ఒక్క మాట అనేటప్పుడు నా గొంతు వణికింది. వాడు చెవులు రిక్కించాడు. ఇంత ధర పలికే సరుకు తన నోట్లో ఎప్పుడూ పడలేదని వాడికి అర్థమైపోయింది.

మెత్తళ్ళు ఇసకలో పోశాను. వాడు చేపని కింద పెట్టాడు. దాని మీద కాలు వేసి మెత్తళ్ళు తినడం మొదలుపెట్టాడు. మొత్తం తిననిచ్చి, ఇంకో గుప్పెడు కొసరు పోసి ఉంటే కాలు తీసేవాడేమో. నేను ఆగలేకపోయాను. చేపమీదికి పడ్డాను. నా చెయ్యి చూసి వాడు చటుక్కున చేపని కరుచుకున్నాడు. నేను లాగాను. వాడు లాగాడు. నా చేతిలోకి తోక ముక్క వచ్చింది. పొట్ట భాగం వాడు మింగేశాడు.

‘‘ఇసం పొట్టలోనే ఉంటదమ్మా. ఇక్కడ నిలబడకండి, ఎల్లండి, ఎల్లండి’’ అంది ఆవిడ.

మా ఆయన నరసాపురంలో పశువుల డాక్టరు గారికి ఫోను చేశారు. నోట్లో వేళ్ళు పెట్టొద్దు, ఉప్పునీళ్ళు పట్టొద్దు, వెంటనే తీసుకురండి అన్నారాయన. ఈసారి వాడు ముందు నిలబడలేదు. నేను వెనక కూర్చుని వాడిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాను. దారి పొడుగునా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. మొదట వాడి నోటి నుంచి చొంగ కారింది. తరవాత తల నా మోచేతి మీద బరువైంది. కొంతదూరం పోయాక వెనక కాళ్ళు పట్టుకుంటే వాటిలో బిగువు లేదు. తడిగుడ్డలా వేలాడాయి.

‘‘ఏవండీ, తొందరగా పోనివ్వండి.’’

‘‘పోనిస్తున్నానే.’’

‘‘ఏవండీ, కాళ్ళు...’’

ఆయన స్కూటరు ఇంకా వేగం పెంచారు.

దేవుడితో కూడా నేనెప్పుడూ కొబ్బరికాయ దగ్గరే మొదలుపెట్టేదాన్ని. పని పెద్దదైతే రెండు కాయలు. అదీ పని జరిగాకే. ఆ రోజు కాలవ గట్టు మీద కొబ్బరికాయ నుంచి తలనీలాల దాకా ఒక్క ఊపిరిలో వెళ్ళిపోయాను. తరవాత ముందే తీసుకో అన్నాను. ఏం కావాలో నువ్వే చెప్పు అన్నాను. బేరంలో ఎప్పుడూ అనకూడని మాట అదొక్కటే. అవతల ముఖం కనిపిస్తే గదా, ఒప్పుకున్నాడో లేదో తెలిసేది?

డాక్టరు గారు వాంతికి ఇంజెక్షన్ ఇచ్చారు. కొంత కక్కాడు. సెలైన్ పెట్టారు. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు.

‘‘విరుగుడు ఇంజెక్షన్ ఎప్పుడిస్తారండి?’’ అన్నాను.

‘‘దీనికి విరుగుడు లేదమ్మా. ఒంట్లోంచి పోయేదాకా ఊపిరి ఆగకుండా కాచుకోవడమే.’’

‘‘విజయవాడలోనో హైదరాబాదులోనో దొరుకుతుందేమోనండి. ఎంతైనా సరే...’’

‘‘ఎంతైనా కాదమ్మా. లేదంటున్నాను. ఎక్కడా లేదు.’’

మా బజారులో ‘లేదు’ అంటే లోపల ఉందని అర్థం. ఆయన ముఖంలో వెతికాను. నిజంగానే లేదు.

వాడి కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కాళ్ళు కదలవు, తోక కదలదు, కళ్ళు కదులుతున్నాయి. నా ముఖం వైపే. నేను ఏడుపు ఆపుకోలేకపోతుంటే వాడి ఊపిరి ఎగబోసింది.

‘‘అమ్మా, వాడికన్నీ తెలుస్తున్నాయి. మీరు కంగారుపడితే వాడూ పడతాడు. ఇప్పుడు వాడికున్న కాస్త ఊపిరీ అలా ఖర్చవకూడదు. ఉండగలిగితే మామూలుగా ఉండండి, లేదా బయట కూర్చోండి’’ అన్నారు డాక్టరు గారు.

బయట కూర్చోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, గిరాకీ లేని మధ్యాహ్నం కొట్లో కూర్చున్నట్టు వాడి ఎదుట కూర్చున్నాను. నాకేం పట్టనట్టు. ఏమీ పోనట్టు. పెదవి అదరబోతే లోపలి నుంచి కొరుక్కున్నాను. వాడు నన్ను చూసి, చూసి, కాసేపు కళ్ళు మూసుకునేవాడు. ఊపిరి సన్నగా, గుండె అదిరేంత ఆలస్యంగా వచ్చేది. ఒక్కో ఊపిరికీ తరవాతిది వస్తుందో రాదో తెలియదు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నట్టు నటించాను. నా బతుకులో అంతకన్నా కష్టపడి చేసిన పని లేదు.

దీపాలు పెట్టే వేళకి వాడి ముందు కాలు కదిలింది. డాక్టరు గారు అప్పటికి లేచి టీ తాగారు. రాత్రికి నీళ్ళు నాకాడు. వెనక కాళ్ళు సరిగ్గా రావడానికి కొన్నాళ్ళు పట్టింది.

వాడిని ఇంటికి పంపేటప్పుడు ఏం జరిగిందో మొత్తం చెప్పించుకుని డాక్టరు గారు అన్నారు. ‘‘వస్తువుకి బదులు ఏదో ఇవ్వడం తప్పు కాదమ్మా, బేరం పెట్టడం తప్పు. మొదటి మాటకే మంచిది పెట్టెయ్యండి. వెంటపడకండి, మీద పడకండి. వదిలింది ప్రమాదం లేని వస్తువైతే మళ్ళీ వాడికే ఇచ్చెయ్యండి. వదిలితే పోదని వాడికి తెలియాలి.’’

‘‘డబ్బూ ఇచ్చి, సరుకూ ఇచ్చెయ్యాలాండీ?’’

‘‘ఆయ్, అంతేనండి.’’

ఈ మాట విని మా నాన్న ‘‘ఇంక కొట్టు మూసుకోవడమే’’ అన్నారు. కాని నేర్పాను. ఒకే ధర. చెప్పు వదిలితే గుడ్డు, చెప్పు కూడా వాడిదే. ఇచ్చిన ప్రతిసారీ నా చెయ్యి వెనక్కి లాగినట్టుండేది. దాంతోపాటు దూడల మూతికి కట్టే చిక్కంలాంటిది, కుక్కలదే, తీగతో అల్లినది కొన్నాం. అందులో మెత్తళ్ళు వేసి, వాడంతట వాడే మూతి పెట్టేదాకా రోజూ అలవాటు చేశాం.

మళ్ళీ సముద్రానికి వెళ్ళిన రోజు ఆ చేపలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ‘‘బతికాడా దొంగ! మూతికి చిక్కమేంటమ్మా, నూర్పిళ్ళకేమన్నా తోలుకెళ్తున్నారా?’’

చేపలకి దూరంగా తీసుకెళ్ళి, పొడుగు తాడు చేతికి చుట్టుకుని, చిక్కం విప్పాను. వాడు ఇసక వాసన చూసి, ఒక కొబ్బరి డొక్క కరుచుకుని తిరిగి నిలబడ్డాడు. గుప్పెడు మెత్తళ్ళు ముందే చాపి ఒక్కసారే అన్నాను.

‘‘వదులు.’’

వాడు నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టు అనిపించింది. డొక్క జారవిడిచాడు. మెత్తళ్ళు తిన్నాడు. డొక్క తీసి వాడికే ఇచ్చేశాను.

‘‘వదిలాడు కదమ్మా, ఇంకెందుకు మళ్ళీ?’’ అంది మా వెనకాలే వచ్చిన ఆవిడ, నేను చిక్కం అందుకోవడం చూసి.

అటు వల లాగిన చోట తెల్లటి పొట్టలు ఎండకి మెరుస్తున్నాయి. కట్టాను.