మొక్కు పుంజు మెడ ఈకలు

కన్నబాబు ఏ చేప కోసం ఈగలు కడతాడో ఆ చేపను ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. ట్రౌట్ అట, చల్లటి సెలయేళ్ళలో ఉంటుందట. మలేషియాలో పోర్ట్ క్లాంగ్ రేవు గిడ్డంగిలో పనిచేసే రోజుల్లో ఓడ దిగిన న్యూజిలాండ్ ఇంజనీరొకాయన, వాన వెలిసేదాకా పక్కన కూర్చుని, గాలపు ముల్లుకు దారంతో ఈక చుట్టి ఈగలా చేయడం నేర్పాడు. చేప అది నిజం ఈగనుకుని కరుస్తుంది. రిటైరయ్యాక కన్నబాబుకు అదే లోకమైపోయింది. కట్టిన ఈగలు ఆ ఇంజనీరుకే పంపుతాడు. కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చి వంటింటి బల్ల ముందు కూర్చున్నాడంటే భార్య నూకమ్మ పిలిచినా పలకడు. ఒకసారి చొక్కాకు గుచ్చుకుని మరిచిపోయిన ఈగ, గుడి వరుసలో ముందున్నావిడ పైటకు తగులుకుంది. ఇద్దరూ అమ్మవారి ఎదటిదాకా జంటగా నడవాల్సి వచ్చింది. నూకమ్మ ఆ సంగతి క్లాంగ్ అంతా చెప్పి నవ్వింది.

ఈ ఏడు ఆమెకు నవ్వే ఓపిక లేదు. చక్కెర జబ్బుతో కుడి పాదానికి పుండు పడి మానలేదు. పోయినేడు ఎడమ కాలి వేలికి ఇలాగే అయితే, పెంచుతున్న ఎర్ర ఈకల డేగ పుంజును నూకాలమ్మకు ఇస్తానని మొక్కుకుంది. వేలు దక్కింది. మొక్కు మాత్రం ఇవాళ, రేపు అంటూ ఉండిపోయింది. అందుకే అమ్మవారు రెండో కాలు పట్టుకుందని ఆమె నమ్మకం. సోమవారం ఆపరేషన్. పుండు శుభ్రం చేస్తే సరిపోతుందో, కాలే తీయాలో లోపల చూశాక చెబుతామన్నారు డాక్టర్లు. ఆదివారమే మొక్కు తీరాలి. మొక్కు పుంజుకు ఏ లోపమూ ఉండకూడదు.

"దాని మీద సెయ్యేసినావంటే నా కాలు మీద ఏసినట్టే లా, మావా," అని నూకమ్మ, మాట చివర అక్కడివాళ్ళ "లా" తగిలించి, ముందే చెప్పింది.

ఆ వారమే ఇంజనీరు ఫోన్‌లో కబురు పెట్టాడు. పోయినసారి పంపిన ఈగలు నీళ్ళలో మునిగిపోయాయి, మెత్తబడింది ఈకా, నీ చెయ్యా అని. ఆయన హాస్యానికే అన్నాడు. కన్నబాబుకు రెండు పూటలు అన్నం దిగలేదు. ఈగ తేలాలంటే పుంజు మెడ ఈక బిరుసుగా ఉండాలి. పెరట్లో గంప ఎత్తితే డేగ పుంజు మెడ ఎండకు తేనెలా మెరిసింది.

మొదటిరోజు రెండే పీకాడు. వాటితో కట్టిన ఈగ గ్లాసు నీళ్ళలో పొద్దంతా తేలింది. మర్నాడు నాలుగు పీకాడు. ఒక పక్క పలచబడిందని, సమంగా కనబడాలని రెండో పక్క కూడా పీకాడు. శనివారానికి ఆ మెడ, మంగలి సగంలో వదిలేసిన తలలా అయింది. నూకమ్మ మంచం దిగే స్థితిలో లేదు కనుక పెరడు చూడలేదు.

ఆదివారం పొద్దున్నే క్లాంగ్‌లోని లిటిల్ ఇండియా బజారుకు పోయి ఒత్తయిన బంతిపూల దండ కొనుక్కొచ్చి, పుంజు మెడకు మూడు చుట్లు చుట్టాడు. కారులో నూకమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"పెళ్ళికొడుకునాగ తయారు సేసినావు మావా!" అని చాలా రోజులకు నవ్వింది. కన్నబాబు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

పాత తోటల ఎస్టేట్ గుడిలో పూజారి దాసు పుంజు మీద పసుపునీళ్ళు చల్లాడు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, ఆ తరవాతే కత్తి. పుంజు కదల్లేదు. మళ్ళీ చల్లాడు. చక్రాల కుర్చీలో నూకమ్మ చేతులు జోడించి పుంజునే చూస్తోంది. మూడోసారికి పుంజు ఒళ్ళంతా విదిలించింది.

"ఒప్పుకున్నాది! అమ్మ ఒప్పుకున్నాది!" అని నూకమ్మ అరిచింది.

ఆ విదిలింపుకే దండ జారి కింద పడింది. ఎర్రగా, ముడతలు పడిన బోడి మెడ అందరికీ కనబడింది.

"ఇదేటి, కన్నన్నా?" అన్నాడు దాసు.

"ఈకలు అయ్యే రాలిపోనాయి. ఏదో జబ్బు."

దాసు కత్తి పక్కన పెట్టేశాడు. "జబ్బు కోడిని అమ్మోరికెలాగ ఇస్తాం?"

"జబ్బు కాదు లా! నేనే పీకినాను. సేపల ఈగలికి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దాసు నవ్వలేదు. "ముందు నువ్వు తీసుకుని, మిగిలింది అమ్మోరికా?"

"ఇంకో పుంజుని తెస్తాను. ఇప్పుడే తెస్తాను."

"మొక్కినది దీన్ని కదన్నా. మార్చకూడదు. ఈకలొచ్చినాక తీసుకురా."

"ఎప్పుడొస్తాయి?" అని అడిగింది నూకమ్మ.

"రెండు మూడు నెలలు పడతాదమ్మా."

"నా కాలు రేపు కదా," అంది. కోపంగా కాదు, వాయిదా అడుగుతున్నట్టు.

పుండు ఎముకదాకా ఎప్పుడో పోయిందనీ, పుంజుకూ దానికీ సంబంధం లేదనీ కన్నబాబు ఆ సాయంత్రం నాలుగుసార్లు చెప్పాడు. ఆమె ఒక్కసారే జవాబిచ్చింది. "నీకూ తెల్దు, నాకూ తెల్దు మావా."

సోమవారం ఆసుపత్రిలో నర్సు కాగితం తెచ్చి, మోకాలి కిందనుంచి తీయాల్సి రావచ్చు, సంతకం కావాలంది. ఇంట్లో ఏ కాగితం మీదైనా సంతకం కన్నబాబే పెడతాడు. అలవాటుగా కలం అందుకున్నాడు.

"ఇలాగియ్యి," అంది నూకమ్మ. "నా కాలు. నేనే ఎడతాను."

ఒక్కో అక్షరమే దిద్దుతూ పేరు రాసింది. మంచం తోసుకుపోతుంటే కన్నబాబు తలుపుదాకా పక్కనే నడిచి, ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. నూకమ్మ రెండు చేతులూ దుప్పటి కిందకు లాక్కుంది.