లేని దేశం తరఫున పంజాగుట్టలో ఒక మధ్యాహ్నం

పోయిన బుధవారం జహీరాబాద్‌లో మా ఇంటి ముందు కూర్చుని ఉంటే శేషగిరిరావు సారు ఫోన్ చేశారు. "ఎల్లయ్యా, రేపు చాంబర్ ఆఖరి మీటింగ్ పెడుతున్నానయ్యా. నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెయ్యెత్తావంటే మూసేద్దాం. ఇంక నిన్ను పిలవను," అన్నారు. "వస్త సార్, లేపుత," అన్నాను. నేను మాటిచ్చానంటే అంతే. కారు నడిపినన్నాళ్లూ ఫలానా చోటికి వస్తానని చెప్పి రాని రోజు నాకు లేదు. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఎల్లయ్య మాట తప్పాడని సారు ఇప్పుడు నలుగురికీ చెబుతున్నారట. అందుకే ఏం జరిగిందో జరిగినట్టు రాస్తున్నాను. చాంబర్ గది చూడాలనుకునేవాళ్లకు దారి కూడా చెబుతాను.

చాంబర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు నాలుగు మాటలు. మన వ్యాపారులు, ఐరోపాలో ఒక దేశం వ్యాపారులు కలిసి పెట్టుకున్న సంఘం అది. దాని పేరు రాయొద్దని సారు అన్నారు, రాయను. ఆ దేశం పేరు రాసినా లాభం లేదు, ఇప్పుడు ఆ పేరుతో దేశమే లేదు. ముక్కలైపోయింది, ముక్కలు వేరే పేర్లు పెట్టుకున్నాయి. ఒకప్పుడు అక్కడి నుంచి సనత్‌నగర్ షెడ్లకు లేత్ మిషన్లు వచ్చేవి, ఇక్కడి నుంచి తోళ్లు, మందుల పొడులు వెళ్లేవి. నేను చాంబర్ కారు డ్రైవర్‌ని. వాళ్ల మనుషులు బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగితే అంబాసిడర్‌లో ఎక్కించుకుని, లైసెన్సుల పని మీద మాసబ్ ట్యాంక్ ఆఫీసులకు తిప్పి, పంజాగుట్ట గదికి చేర్చేవాణ్ణి. మొదట్లో ఇరుపక్కలకూ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదట. అందుకని గట్టి రూల్ పెట్టుకున్నారు. రెండు పక్కల నుంచీ మనిషి కూర్చుంటేనే మీటింగ్, రెండు పక్కల నుంచీ చెయ్యి లేస్తేనే ఏ పనైనా. మొదటి కప్పు టీ ఎప్పుడూ అతిథి పక్కకు పోయాలి.

తర్వాత ఆ దేశం పోయింది. వచ్చేవాళ్లు ఆగిపోయారు. రూల్ మాత్రం ఉండిపోయింది, ఎందుకంటే దాన్ని మార్చాలన్నా ఆ పక్క చెయ్యి లేవాలి కదా! అప్పటి ప్రెసిడెంటు తల పట్టుకుని, వరండాలో ఉన్న నన్ను లోపలికి పిలిచి, "వాళ్లతో ఎక్కువ తిరిగింది నువ్వే, ఇవాళ్టికి ఆ కుర్చీలో కూర్చో," అన్నారు. ఆ ఒక్కరోజు ఏళ్ల తరబడి సాగింది. వాళ్లు వదిలి వెళ్లిన ఉన్ని కోటు తొడిగి నన్ను కూర్చోబెట్టేవారు. నవ్వేవాళ్లు నవ్వారు. నాకేం సిగ్గు లేదు. నాలుగో తరగతి చదివినవాణ్ణి ఒక దేశం తరఫున కూర్చున్నాను. ఇంకెవడు కూర్చున్నాడో చెప్పమనండి. మూడేళ్ల కింద ఊరికి వచ్చేశాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

గురువారం పొద్దున ఏడు దాటాక జహీరాబాద్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ నూటయాభైకి అటూ ఇటూ అవుతుంది, మియాపూర్‌కి రెండు గంటల పైనే పడుతుంది. బస్సు నిండా ఆడవాళ్లే, వాళ్లకు టికెట్ లేదు. కండక్టర్ నన్ను చూసి, "తాతా, నిలవడి వస్తవా, దిగి ఇంకో బస్సు చూసుకుంటవా?" అన్నాడు. "పైసలిచ్చేటోన్ని నేనొక్కన్నే ఉంటి, నన్నే దిగమంటవా?" అన్నాను. బస్సంతా నవ్వింది. ఒకామె జరిగి చోటిచ్చింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట అరగంట లోపే. ఎర్రగడ్డ ఆస్పత్రి చెట్లు పైనుంచి కనిపిస్తాయి, కిటికీ పక్కన నిలబడండి.

పంజాగుట్ట స్టేషన్ అమీర్‌పేట తర్వాతదే. అయినా అమీర్‌పేటలో దిగడం మేలు, తిండి అక్కడ చవక. మధురానగర్ వైపు వెళ్తే కంప్యూటర్ కోర్సుల పిల్లలుండే హాస్టళ్ల మధ్య మెస్సులున్నాయి, నూటఇరవై పెడితే కడుపు నిండా భోజనం. నేను తిన్నచోట వండే ఆమెది గోదావరి జిల్లా. పప్పు వడ్డిస్తూ, "ఏంటి బాబాయ్ గారూ, ఏ కోర్సుకొచ్చారు?" అంది. "ఈ వయసుల ఏం కోర్సమ్మా, పంజాగుట్టల జర చెయ్యి లేపి పోతందుకు వచ్చిన." "చెయ్యెత్తడానికి ఇంత దూరమా? ఆ చేత్తోనే ఇంకో ముద్ద తినండి ముందు," అని అన్నం వేసింది. అక్కడి నుంచి మెట్రో స్తంభాల నీడలో నడిస్తే ఇరవై నిమిషాలు. ఆటోవాళ్లు అరవై అడుగుతారు, ఇవ్వకండి.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణాల వెనక సందులో పాత మూడంతస్తుల బిల్డింగు. లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కుతున్నకొద్దీ రోడ్డు చప్పుడు తగ్గిపోతుంది. పైఅంతస్తుకు చేరేసరికి హారన్ ఒక్కటి కూడా వినిపించదు, నా ఊపిరి నాకే వినిపించింది. తలుపు తీసింది రజియా. మా అటెండర్ కరీం భార్య. కరీం చనిపోయాక ఆమె వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను.

"సలాం అన్న. మంచిగున్నవా?"

"నువ్వు ఇంక ఈడనే ఉన్నవా రజియా?"

"ఏడికి పోతనన్న? వెనక వంటగది ఉంది గద, అండ్లనే ఉంట. గది ఊడుస్త, సాబ్‌కు చాయ్ పెడ్త. చాంబర్ బంద్ చేస్తె గది అమ్ముతరంట. గీ నెల ఆఖరుకు ఖాళీ చెయ్యుమన్నడు సాబ్. ఎర్రగడ్డల మా చెల్లె ఉంది గని, ఒక్క రూముల ఆర్గురు పండుతరు. నన్ను ఏడ పండవెడ్తది?"

నాకు కోపం వచ్చింది. "ఈ ముచ్చట సారు నాకు చెప్పలే."

"చెప్తె నువ్వు రావు గద!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఫికర్ చెయ్యకన్న. మాటిచ్చినవంట. ఇచ్చినంక లేపు. రజియా ఏడిస్తె ఎల్లయ్య మాట తప్పిండని రేపు ఎవలన్న అంటె నాకు శరం," అంది.

ఆమె ట్రేలో రెండు కప్పులు పెట్టింది. నేను లేనప్పుడు కూడా రెండు కప్పులేనా అని అడిగాను. మీటింగ్ లేకపోయినా ప్రతి గురువారం సారు వచ్చి గది తాళం తీయగానే అతిథి కుర్చీ ముందు ముందుగా టీ పోస్తుందట, రూల్ ప్రకారం. జర సేపటికి ఆ కప్పు ఖాళీ అవుతుందట.

"ఎవరు తాగుతుండ్రు?"

"నేనెందుకు అడగాలె? మెహమాన్ గద. కప్పు బోర్లించలేదు, మల్ల పోస్త."

బోర్లించడం సంగతి కూడా చెప్పాలి. పాత రోజుల్లో వాళ్ల వైపు నుంచి ఒక పొడుగాయన వచ్చేవాడు. వద్దన్నా మనవాళ్లు టీ పోస్తూనే ఉంటారని, ఇంక చాలు అనడానికి కప్పును సాసర్‌లో బోర్లించేవాడు. కరీం దాన్నే పట్టుకున్నాడు. ఎవరైనా సరే, కప్పు బోర్లించేదాకా పోయడమే. చాంబర్‌లో అదే ఆచారమైపోయింది, కరీం పోయాక రజియాకు వచ్చింది.

లోపల గదిలో పొడుగాటి బల్ల, అటు కొన్ని కుర్చీలు, ఇటు కొన్ని. సారు మన పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, మన పక్క మిగిలింది ఆయన ఒక్కరే. నన్ను చూసి లేవబోయి మోకాళ్లు సహకరించక కూర్చుండిపోయారు. గోడ మీద చాంబర్ చరిత్రంతా ఫొటోల్లో ఉంటుంది, చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువసేపు అక్కడే నిలబడతారు. మొదటి ఫొటోలో రెండు వరసలూ నిండుగా ఉంటాయి. పోనుపోను ఆ పక్క వరస తగ్గుతూ వస్తుంది. చివరి ఫొటోలో ఆ పక్క నేనొక్కణ్ణే, కోటు వేసుకుని. ఈసారి చూస్తే ఫొటోలన్నిట్లో ఆ పక్కవాళ్ల ముఖాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మన పక్కవాళ్లు మీసాలతో సహా నిన్న తీసినట్టున్నారు. చివరి ఫొటోలో నా ముఖమూ పోతోంది, ముక్కు వరకూ పోయింది.

"ఏంది సార్ ఇది?"

"ఎండయ్యా. కిటికీలోంచి ఎండ పడి అలా అయ్యాయి," అన్నారు, అటు చూడకుండానే. ఫొటోలు ఉన్నది కిటికీ ఉన్న గోడకే. ఆ గోడకు ఎండ ఎట్లా పడుతుందో నేను అడగలేదు.

కోటు ఎప్పటి వంకీకే వేలాడుతోంది. మూడేళ్లుగా ఎవరూ ముట్టని కోటు చల్లగా, దుమ్ముగా ఉండాలి. తొడుక్కుంటే వెచ్చగా ఉంది. చంకల దగ్గర, మెడ దగ్గర, అప్పుడే ఎవరో విప్పి నాకిచ్చినట్టు. ఇందులో దాచేదేమీ లేదు, నాకు ఒళ్లు జలదరించింది. అయినా వెళ్లి కూర్చున్నాను. రజియా నా ముందు టీ పోసి, తర్వాత సారుకు పోసి, తలుపు దగ్గర నిలబడింది. నాకు షుగర్ ఉంది, నేను ముట్టలేదు.

సారు గంట కొట్టి, కళ్లజోడు పెట్టుకుని, "ఈ చాంబర్‌ను ఇవాళ్టితో రద్దు చేయడానికి మా పక్క సమ్మతి," అని చెయ్యెత్తారు. తర్వాత నా వైపు చూశారు.

లేపాలనే అనుకున్నాను. రజియాను చూడకుండా బల్లకేసి చూస్తూ కుడి చెయ్యి లేపబోయాను. లేవలేదు. తిమ్మిరి కాదు, వేళ్లు కదులుతున్నాయి. మోచేతి దగ్గర, కోటు లోపలే, ఎవరో పట్టుకున్నట్టుంది. పట్టు గట్టిగా కూడా లేదు. తొందరపడేవాణ్ణి పెద్దమనిషి ఆగమని పట్టుకుంటాడే, అట్లా ఉంది.

"ఏంటయ్యా? ఎత్తు."

"లేస్తలేదు సార్."

"హాస్యాలాడకు ఎల్లయ్యా! రజియా ఏమైనా చెప్పిందా?"

"చెప్పింది. లేపుమనే చెప్పింది."

"మరి ఎత్తవయ్యా!" సారు ఎత్తిన చెయ్యి దించకుండానే మాట్లాడారు. "గురువారం వస్తే ఈ తాళం తీయాలంటే నాకు భయమేస్తోంది. మానేద్దామంటే మానలేను, ఆ వేళకి కాళ్లు ఇటే లాక్కొస్తాయి. నేను పోయాక ఈ కుర్చీలో ఎవణ్ణి కూర్చోబెడతారు? వాడికి నా కోటు తొడుగుతారా? అప్పుడు నేను కూడా వచ్చి వాడి చెయ్యి పట్టుకుని కూర్చోవాలా?"

నా చెయ్యి ఎవరో పట్టుకున్నారని నేను ఆయనతో అనలేదు.

కిటికీ అవతల మెట్రో వెళ్లింది, అద్దాలు వణికి ఆగాయి. తలుపు దగ్గర నుంచి రజియా మెల్లగా అంది, "సాబ్, మెహమాన్ ఇంక బోర్లించలే."

ముగ్గురం కప్పు వైపు చూశాం. నా ముందు కప్పు ఖాళీగా ఉంది. అడుగున కాస్త టీ పొడి. కప్పు మాత్రం నిటారుగానే ఉంది.

"నువ్వు తాగావా?" అన్నారు సారు.

"నాకు షుగర్ సార్. మీకు ఎరికే గద."

సారు చాలాసేపు ఆ కప్పునే చూశారు. తర్వాత చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నారు. ఒక పక్క చెయ్యి లేవకపోతే సంగతి వచ్చే మీటింగుకు వాయిదా పడాలి, అదీ రూలే. "వచ్చే నెల పెడదాం," అన్నారు, గోడతో చెబుతున్నట్టు. రజియా వైపు తిరిగి, "అప్పటిదాకా నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదమ్మా," అన్నారు. ఆమె వచ్చి ఖాళీ కప్పులో మళ్లీ టీ పోసింది. కోటు విప్పి వంకీకి తగిలించగానే నా చెయ్యి మామూలుగా లేచింది. ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాను.

సాయంత్రం పంజాగుట్టలోనే మెట్రో ఎక్కి మియాపూర్‌లో బస్సు పట్టుకున్నాను, చీకటి పడ్డాక ఇల్లు చేరాను. దారంతా ఒకటే ఆలోచన. మాట తప్పానా? నా మాట నాది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నేను ఎల్లయ్యను కాదు కదా, ఆ దేశాన్ని. అన్నేళ్లు ఆ కోటు తొడిగి, వాళ్ల తరఫున నన్ను చెయ్యి లేపమన్నారు, లేపాను. వాళ్లేమనుకుంటున్నారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. దేశం పోయినా, తమకు టీ పోసే మనిషిని రోడ్డు మీదికి పంపడానికి వాళ్లు ఒప్పుకోలేదేమో. లేదా రజియా మాట విన్నప్పుడే నా చెయ్యి నాకు చెప్పకుండా బరువెక్కిందేమో. నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. సారు వచ్చే నెల మళ్లీ పిలిచారు. వస్తానన్నాను, వెళ్తాను. లేపుతానని మాత్రం ఈసారి అనలేదు.

మీరు వెళ్లాలనుకుంటే గురువారం మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి, టికెట్ లేదు, మెట్లు నిదానంగా ఎక్కండి. కిటికీకి ఎదురుగా ఉన్న అతిథి పక్క కుర్చీల్లో కూర్చోకండి, కోటు ముట్టకండి. రజియా టీ ఇస్తుంది, యాలకులు వేసి బాగా పెడుతుంది, తాగండి. తాగాక కప్పు సాసర్‌లో బోర్లించి మరీ లేవండి. మర్చిపోయారంటే ఆమె పోస్తూనే ఉంటుంది, మీరు కూర్చునే ఉంటారు.