సింహాచలం చేతిరాత మీద నా స్టిక్కర్

ఒక్క పూట పనికి ఎనిమిది వేలు వసూలు చేసినవాణ్ణి నేను. పెట్టె మీదే రాసి ఉన్న పాస్‌వర్డ్‌ని ఆ పెట్టె సొంతదారుకే అమ్మాను. బేరాల మధ్య పుట్టి పెరిగిన మా ఇంట్లో కూడా ఇంత లాభసాటి అమ్మకం ఎవరూ చేసి ఉండరు. పెట్టుబడి సున్నా, సరుకు కొన్నవాడిదే. ఆరేళ్ళుగా ఈ గొప్ప ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెప్పుకోలేని గొప్ప ఎంత బరువుంటుందో మీకు తెలుసా? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీ దగ్గర దించుతున్నాను.

చీపురుపల్లిలో మాది కిరాణా కొట్టు. అవతలివాడు ధర అడిగితే మనసులో మూడు లెక్కపెట్టేదాకా నోరు విప్పకూడదని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. తరవాత కంప్యూటర్ల పనిలో పడి విజయనగరంలో షాపు పెట్టాను. పప్పులు అమ్మాల్సినవాణ్ణి కెమెరాలు, కేబుళ్ళు అమ్ముతున్నాను. నాలుక మాత్రం అదే.

దసరా వెళ్ళిన వారానికి ఒక బట్టల షాపు షావుకారు కబురు పెట్టాడు. మూడంతస్తుల షాపు. పెళ్ళిళ్ళ సీజనుకి కొత్త బిల్లింగు కౌంటరు వేశాడు. అది పనిచేయాలంటే నెట్‌వర్క్ స్విచ్‌లోకి వెళ్ళి ఒక సెట్టింగు మార్చాలి. షాపులోని కంప్యూటర్ల, కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే ఇనుప పెట్టె అది. దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. దాన్ని బిగించినవాడు సింహాచలం. నెల్లిమర్ల నుంచి బండి మీద వచ్చి ఆ వీధి దుకాణాలన్నీ చూసుకునేవాడు. ఒక పాడైన కెమెరా గురించి మాటామాటా వచ్చి, అంతకు ఏడాది ముందు షావుకారు అతన్ని మానిపించాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే పెట్టె మీదే రాశాను చూసుకోమన్నాడట. షావుకారు చూశాడు, ఏమీ కనబడలేదు.

"రాసినాడంట. ఏటి రాసినాడు బావూ? పోతా పోతా తాళం ఏసీసి పోనాడు," అన్నాడు నాతో.

నేను మూడు లెక్కపెట్టి పన్నెండు వేలన్నాను. ఎనిమిది దగ్గర తెగింది.

మర్నాడు పొద్దున్నే, షాపు తెరవకముందే వెళ్ళాను. సులువైన దారి ఒకటుంది. మొత్తం చెరిపేస్తే పాస్‌వర్డూ పోతుంది. కానీ కెమెరాలకి వేరుగా, బిల్లింగుకి వేరుగా సింహాచలం పేర్చిన సెట్టింగులన్నీ దాంతోపాటే పోతాయి, సీజనులో షాపు మూతపడుతుంది. చెరపకుండా లోపలికి వెళ్ళాలి. పుస్తకంలో చదివానుగానీ ఎప్పుడూ చేయలేదు. ఆ మాట షావుకారుకి చెబుతానా?

కరెంటు తీసేశాను. నీలం కేబుల్ ఒక చివర ల్యాప్‌టాప్‌కి, ఇంకో చివర పెట్టెకి. ఒక చేత్తో పెట్టె ముందున్న చిన్న బటన్ నొక్కిపట్టి, ఇంకో చేత్తో ప్లగ్గు పెట్టాను. టార్చి నోట్లో. లైటు మిణుకు మిణుకుమంది. తెర మీద అక్షరాలు బిలబిలా జారి, ఠక్కున ఆగాయి. అంటే పెట్టె పూర్తిగా నిద్ర లేవకముందే దాన్ని పట్టుకున్నానన్నమాట. సెట్టింగుల ఫైలు పేరు మార్చాను. ఇక లేచాక దాని ఫైలు దానికే దొరకదు, పాస్‌వర్డ్ అడగాలన్న సంగతే గుర్తుండదు. లేపాను. నాలుగైదు నిమిషాలు తెర వంకే చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. నేరుగా లోపలికి పోనిచ్చింది. ఫైలుకి పాత పేరు తిరిగిచ్చి సెట్టింగులన్నీ ఎక్కించాను. కెమెరాలన్నీ ఒక్కటి తప్పకుండా తిరిగి పనిచేశాయి. చీరల మూట మీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు జలదరిస్తోంది. సిగ్గుపడాల్సిన పూటే నా బతుకులో అంత హుషారైన పూట కావడం ఏమిటి?

కొత్త పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేయడం ఒక్కటే మిగిలింది. పనయ్యాక పెట్టె మీద మా షాపు స్టిక్కర్ అంటించడం మావాళ్ళ అలవాటు. అంటిద్దామంటే జాగా లేదు. ఆ షాపులో ఏటా ఆయుధపూజకి కత్తెరల దగ్గర నుంచి ఈ పెట్టె దాకా అన్నిటికీ పసుపు, గంధం, కుంకుమ పూస్తారు. నిరుటి పొర మీద ఈ ఏటి పొర. తడిగుడ్డతో తుడిచాను. పసుపు కింద టేపు, టేపు కింద కాగితం, కాగితం మీద గుండ్రటి రాత. యూజర్ నేమ్, పాస్‌వర్డ్. కింద ఒక ముక్క: "మారిస్తే ఇక్కడే రాయండి. సింహాచలం."

పాతదేమో, చెల్లదేమో అని ఆశపడ్డాను. సేవ్ చేయకుండా పెట్టెని ఆపి, మళ్ళీ వేసి, కాగితం మీదున్నది కొట్టాను. మొదటిసారికే తెరుచుకుంది.

అప్పుడు షావుకారుని పిలవాల్సింది. ఎందుకు పిలవలేదు? డబ్బు కోసమే అయితే ఇంత బరువుండేది కాదు, డబ్బుకి అబద్ధాలాడటం నాకు కొత్తా? తడిగుడ్డతో అయ్యే పనికి నేనింత విద్య చేశానని తెలిస్తే ఆ విద్య నవ్వులపాలవుతుంది. అది భరించలేకపోయాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. నా స్టిక్కర్ తీసి, ఆ కాగితం మీదే, అంచులు కలిసేలా అంటించాను.

తాళం వేసి పోయిన మనిషి కథ షావుకారు వీధంతా చెప్పాడు. సింహాచలం చేతిలో మిగిలిన దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే భయపడి నాకు ఫోన్ చేశారు. నెల తిరక్కుండా సింహాచలం మా షాపుకి వచ్చాడు.

"అన్నా, ఆ పెట్టి నువ్వే తీసినావంట. మీద నా కాయితం నేదా? టేపు కూడా ఏసినాను."

మూడు లెక్కపెట్టాను.

"ఏటీ నేదు తమ్ముడూ. పసుపే ఉన్నాది."

"అయితే టేపు ఊడిపోనాదేమో. మంచి టేపే అనుకున్నాను," అని తలొంచుకున్నాడు. "నువ్వొక మాట సెప్పన్నా ఆలకి. నాను రాయకుండా పోయే మడిసిని కాను. నువ్వు సెప్తే ఇంటారు."

"సెప్తాన్లే. టీ తాగు."

తాగి వెళ్ళాడు. నన్ను అనుమానించలేదు, తన టేపుని అనుమానించాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడతను సాలూరులో ఒక లారీ ఆఫీసులో లోడు చీటీలు రాస్తున్నాడు. కిందటేడు ఆ దారిన వెళుతూ చూశాను. అదే గుండ్రటి రాత. "ఏటన్నా, బాగున్నావా?" అని లేచి నిలబడ్డాడు. బాగున్నానన్నాను. అక్కడైనా చెప్పొచ్చు కదా? బస్సుకి వేళయిందన్నాను. కాలేదు.

మీకు చెప్పేశాక బరువు కాస్త దిగింది. క్షమించమని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆనాడు షావుకారుకిచ్చిన బిల్లులో ఒక్కటే పద్దు ఉంది: "పాస్‌వర్డ్ తెలియని స్విచ్ తెరిచినందుకు, ఎనిమిది వేలు." అసలు బిల్లు ఇది. నాకు వచ్చినవి: ఆ ఎనిమిది వేలు, ఆ వీధిలో ఏడు దుకాణాలు, పెద్ద పనివాడన్న పేరు. సింహాచలానికి పోయినవి: అవే ఏడు దుకాణాలు, చేతిలో ఉన్న విద్య, నమ్మకమైన మనిషన్న పేరు. ఇందులో నేను తిరిగి ఇచ్చినది: ఒక టీ.