నాలుగు ప్రాసెసర్ల మీద మానేరు

తొంభైల్లో కరీంనగర్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్లు చెప్పేవాణ్ని. అక్కడే లెక్కలు చెప్పే ఒకామెను అక్కా అని పిలిచేవాణ్ని. మానేరు నీళ్లు ఇసుకలోకి ఇంకి ఎటు పోతాయన్నది ఆమె పీహెచ్‌డీ. ఆ లెక్క ఒక్కసారి నడవడానికి మూడు వారాలు పట్టేది; అంకెలు మార్చి అలా పదులసార్లు నడపాలి. ఇటు షుగరు వల్ల ఆమె చూపు తగ్గిపోతోంది. ఆ సంగతి కాలేజీలో నాకొక్కడికే చెప్పింది.

మా ల్యాబ్‌లో నాలుగు ప్రాసెసర్ల మిషన్ ఒకటి ఉండేది. లెక్కను నాలుగు ముక్కలు చేసి ఒకేసారి నడిపే ప్రోగ్రాం రాసిస్తానన్నాను. ఏ ముక్క ఎప్పుడు ఆగాలి, ఒకదాని ఫలితం ఇంకోదానికి ఎలా అందాలి, అన్నీ ప్రోగ్రాం ఆ మిషన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. ఆ అడిగే తీరు ఒక్కో కంపెనీ మిషన్‌లో ఒక్కో రకం.

"గా అడిగేటియన్నీ ఒక్కకాడ వేరేగ పెట్టు తమ్మీ. రేపు మిషన్ మారితే గదొక్కటే మార్చుకోవచ్చు," అన్నది.

"గట్ల జేస్తే జర నెమ్మదైతది అక్కా. మీకు తొందర గద!"

నిజానికి వేగం మోజు నాది. ఆ మిషన్‌కు తప్ప ఇంక దేనికీ అర్థంకాని పద్ధతిలో ప్రోగ్రాం అంతా రాసేశాను. మూడు వారాల లెక్క ఆరు రోజులకు దిగింది. ఆమె అందరికీ మిఠాయి తెప్పించింది. తాను తినలేదు.

సగం ఫలితాలు వచ్చాక, ఎండాకాలంలో ఆ మిషన్ కాలిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. ఆర్నెల్లకు వేరే రకం మిషన్ వచ్చింది. దాని మీద నా ప్రోగ్రాం మొదలే కాలేదు. తిరగరాస్తే, నాలుగు ముక్కలూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయేవి. సరిచేయడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఎంతవరకు వచ్చిందని ఆమె ఒక్కసారీ అడగలేదు.

చివరికి ఫలితాల కాగితాలు పట్టుకొని ఇంటికి వెళ్తే, ఆమెకు నా ముఖం ఆనలేదు. గొంతు విని, "తమ్మివా?" అన్నది. అంకెలు చదివి వినిపించాను. నాలుగో పేజీలో చేయి అడ్డం పెట్టింది.

"సాలు. వినుకుంట లెక్క జేసుడు నాతోని ఐతలేదు."

"తప్పు నాదే అక్కా. మీరు చెప్పినా వినలే."

"ఆరు దినాలకే వచ్చిననాడు నేను గూడ ఖుషీ ఐన గద," అన్నది.

ఆమె థీసిస్ ఇవ్వలేదు. మరుసటేడు ఉద్యోగం మాని సుల్తానాబాద్‌లో అన్న ఇంటికి వెళ్లిపోయింది. చూసి రావాలని రెండుసార్లు బస్టాండు దాకా పోయాను. రెండుసార్లూ బస్సు ఎక్కకుండానే తిరిగొచ్చాను.