కారుకు నీడ, అవ్వకు మూడో అంతస్తు

ఆ రోజుల్లో, మొదటి జీతం చేతికొచ్చిన ప్రతివాడిలాగే, లోకమంతా నా ఏర్పాట్ల మీదే నడుస్తోందని నమ్మేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్త. నల్లగొండలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. (కంప్యూటర్ ఒకటి, కూర్చునేవాళ్లం ఇద్దరం.) మర్రిగూడ దగ్గరి మా ఊళ్లో అవ్వకు ఒకే ఒక్క కోరిక ఉండేది: సాగర్‌లో లాంచి ఎక్కి నీళ్ల మీదుగా శ్రీశైలం పోవాలి. మా ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఇంకో ఏడాది ఆగితే అడుగు పడదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. "నేను తీస్కపోత అవ్వా" అని గొప్పగా మాటిచ్చాను.

అప్పుడే మా అక్క మొగుడు కొత్త కారు కొన్నాడు. యాదగిరిగుట్టలో పూజ చేయించి నెల దాటినా సీట్ల మీద ప్లాస్టిక్ తీయలేదు. ఎక్కేవాళ్లు చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. (గుడే నయం, బయట వదిలితే చాలు.) "నా కార్లనే పోదాం బామ్మర్ది. కని పొద్దుగాల మంచుల నేను నడప. ముందురోజే పోయి లాడ్జిల ఉందాం. కారుకు మాత్రం మంచి జాగా సూడు" అన్నాడు. లాంచి వెళ్లి మర్నాడు గాని తిరిగి రాదు. అంతసేపు కారు ఒంటరిగా ఉండాలన్నదే ఆయన దిగులు.

సాగర్‌లోని లాడ్జిలన్నిటికీ ఫోన్లు కొట్టాను. షెడ్డుందా? గేటుకు తాళం వేస్తారా? పక్కన చెట్టుంటే దాని మీద పిట్టలు వాలతాయా? "కోతులున్నయా?" అని అడిగితే ఒకాయన విసుక్కున్నాడు: "ఉన్నయి సార్. ఇంతకు రూము మీకా, కారుకా?" రోషమొచ్చి ఆ లాడ్జిని వదిలేశాను. చివరికి రేకుల షెడ్డు, కావలి మనిషి, గది బాల్కనీలోంచి చూస్తే కారు కనబడే సౌకర్యం, అన్నీ ఉన్నది ఒకటి దొరికింది. బావ "శెభాష్ బామ్మర్ది" అన్నాడు. ఆ మాటకు వారం రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అక్క, బావ, అవ్వ, నేను సాయంత్రం దిగాం. బాల్కనీలోంచి కారు అంత చక్కగా ఎందుకు కనబడుతుందో అప్పుడు తెలిసింది. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, కింది గదులన్నీ నిండిపోయాయి. అవ్వ మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి, "గిన్ని మెట్లు నేనెక్కుతనా కొడుకా?" అంది. తిట్టినా బాగుండేది. కారు గురించి ఇరవై ప్రశ్నలడిగినవాణ్ణి (తగ్గించే చెబుతున్నాను) ఆమె మోకాళ్ల గురించి ఒక్కటీ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. చివరికి అవ్వే తేల్చింది: "గా షెడ్డుల మంచమెయ్యుండ్రి. కారుకు మంచిగున్న జాగ నాకు మంచిగుండదా?" కావలాయన తన నులక మంచం ఇచ్చాడు. బావ మొహం వెలిగిపోయింది. "మంచిగైంది. కారును అవ్వ సూస్కుంటది" అన్నాడు. నేను ఆమె పక్కనే చాప వేసుకున్నాను.

పొద్దున రేవులో మళ్లీ మెట్లు, ఈసారి దిగేవి. (వీటి సంగతీ నేను అడగలేదు.) లాంచి మనిషి ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. "కూసో అవ్వా, ఫికర్ చెయ్యకు" అని ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని దించాం. ఇంతలో బావ సగం మెట్ల మీద ఆగిపోయాడు. "అద్దాలు ఎక్కించిన్నో లేదో! గిప్పుడే వస్త" అంటూ వెనక్కి ఉరికాడు. లాంచి కారు అద్దాల కోసం ఆగలేదు. ఒడ్డున చేతులూపుతున్న మొగుణ్ణి చూసి అక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అవ్వ మాత్రం తాపీగా, "ఉండనియ్యి బిడ్డా. దానికి తోడు గావాలె గద" అంది. తర్వాత చాలాసేపు నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. "గిన్ని నీళ్లున్నయా కొడుకా, మన పక్కపొంటి?" అని మెల్లగా అడిగింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ ఊళ్లో గది తీసుకున్నా మొదట మెట్లెన్ని అని అడుగుతాను. "పెద్దోళ్లున్నరా సార్?" అంటారు. లేరని చెప్పడానికి నోరు రాక ఉన్నారనే అంటాను. కింది గదే ఇస్తారు. తాళం అందిస్తూ వాళ్లు నా వెనక ఎవరొస్తున్నారా అని చూస్తారు. సిగ్గుపడి నవ్వుకుంటూ నేనూ ఒకసారి వెనక్కి చూస్తాను.