అల్ రువైస్ దాకా తీసుకెళ్ళిన నిరుద్యోగ పట్టిక

దోహాలోని మా తెలుగు మహిళల బృందంలో వచ్చే శనివారం నేను మాట్లాడాలి. పెళ్ళయ్యాక నలుగురి ముందు నిలబడటం ఇదే మొదటిసారి. నిరుద్యోగం పెరిగితే అధ్యక్షుడు ఓడిపోతాడా అన్నది నేనే ఎంచుకున్న అంశం. దేశాలవారీగా పట్టిక గీశాను. పెరిగినచోట కొందరు ఓడారు, కొందరు గెలిచారు, తగ్గినచోటా అంతే. మన రాష్ట్రపతిని జనం నేరుగా ఎన్నుకోరు కాబట్టి, అలా ఓటు వేసే దేశం మనిషినే అడగాలనిపించింది. ఉత్తర తీరాన ఉన్న అల్ రువైస్‌లో తన స్నేహితుడు, శ్రీలంక వంటమనిషి ఒకతను ఉన్నాడని మాకు తెలిసిన డ్రైవర్ రాజన్న చెప్పడంతో శుక్రవారం బయలుదేరాను.

ఉదయం ఏడింటికి కారెక్కాను. రానూపోనూ మూడు వందల రియాళ్ళకు మాట్లాడుకున్నాం. ఉత్తరానికి నేరుగా ఒకటే హైవే, గంటన్నర చాలు. రాజన్నది జగిత్యాల వైపు. పట్టిక సంగతి విని నవ్వాడు.

"నన్ను ఏ గడిల పెట్టిన్రు అక్కా?"

"మీకు ఉద్యోగం ఉంది కదా."

"ఈడ ఉంది. ఊళ్ళె ఉంటే లేదు. మా వాడకట్టోళ్ళందరు దుబాయ్ పోతే ఊళ్ళె నిరుద్యోగం పోయినట్టేనా?"

నేను పట్టిక తీసి మళ్ళీ చూసుకున్నాను.

చేపల రేవు పక్కనే అతను పనిచేసే చిన్న హోటల్. పరోటా, చేపల పులుసు పన్నెండు రియాళ్ళు. వంటమనిషి ఫారూక్ భాయ్ దోహాలో కార్మికులుండే బర్వా అల్ బరాహాలో ఆరేళ్ళు రాజన్న గదిలోనే ఉన్నాడట. అందుకే ఆయనదీ జగిత్యాల తెలుగే.

"మా దేశంల నిరుద్యోగం తగ్గిందని టీవీల చెప్పిండ్రు. నిజమే గదా, నేను ఈడికొస్తి," అన్నాడు.

"మరి మీ ఇంట్లో ఓటు అధ్యక్షుడికేనా?"

"నాకు ఈడ ఓటు లేదు. నా భార్య ఆయనకు ఏయలే. మొగుణ్ణి దూరం పంపినోనికి ఓటెందుకన్నది."

"మీరు అక్కడే ఉంటే?"

"ఆయనకే ఏస్తుంటి."

"ఎందుకు?"

"నేను ఆడనే ఉన్ననంటే పని దొరికినట్టే గదా అక్కా."

"ఇగ ఇంకో గడి గీసుకోన్రి," అన్నాడు రాజన్న, నా పరోటా ముక్క తుంచుకుంటూ.

తిరుగు దారంతా ఆలోచించాను. ఊరు విడిచినవాడు నిరుద్యోగుల లెక్కలో లేడు, ఓటర్ల వరుసలోనూ లేడు. అయినా ఇంట్లో ఒక ఓటు అతను దూరమైనందుకే అధ్యక్షుడికి వ్యతిరేకంగా పడింది. పట్టిక చివర 'వెళ్ళిపోయినవారు' అని గడి గీసి ఖాళీగా వదిలాను. శనివారం దాన్నే చూపించి, నాకు తెలియలేదనే చెబుతాను.

శుక్రవారం వెళ్ళేవారు పదిన్నరలోపే తినండి. నమాజుకు హోటల్ మూస్తారు. మూసేముందు పది నిమిషాలు ఫారూక్ భాయ్ ఇంటికి ఫోన్ చేసుకుంటాడు. అప్పుడు మాత్రం పరోటా అడగకండి.